లతీఫన్న నా కోసం పెట్టిన బటన్

లతీఫన్న గురించి రాసివ్వమని మా బేతంచెర్ల లైబ్రరీ మిత్రులు ఆయన పోయిన వారంలోనే అడిగారు. ఆయన జ్ఞాపకంగా చిన్న సంచిక వేస్తున్నారట. అందరూ రాసిచ్చారు, నేను ఇవ్వలేదు. మరిచిపోయానని కొందరు అనుకున్నారు. చదువు ఆలస్యంగా వచ్చిన మనిషి కదా, రాయలేక తప్పించుకుంటోందని ఇంకొందరు అనుకున్నారు. సంగతేమిటంటే, ఆయన సమాధి రాయి నా చేతిలో ఉండింది. రాయి మీద ఆయన పేరు సరిగ్గా పడిందని నమ్మకం కుదిరేదాకా కాగితం మీద ఆయన గురించి ఒక్క ముక్క రాయడానికి నాకు మనసు రాలేదు. ఇప్పుడు కుదిరింది. పూర్తిగా కుదిరిందని చెప్పలేను గాని, రాయడానికి సరిపోయేంత కుదిరింది.

ఆయన పోయిన సంగతి నాకు మొదట చెప్పింది మా అంగడికి ఎదురుగా టీ కొట్టు నడిపే సుశీలమ్మ. డోన్‌లో పని చూసుకొని బస్సులో తిరిగి వస్తుంటే గుండెలో నొప్పి వచ్చిందని, ఆస్పత్రికి చేర్చేలోపలే అయిపోయిందని చెప్పి రోడ్డు మధ్యలోనే నిలబడి ఏడ్చింది. నేను నమ్మలేదు. సుశీలమ్మ, లతీఫన్న ఇద్దరూ కలిసి నన్ను ఒకసారి బాగా ఆట పట్టించి ఉన్నారు.

"నీవు ఊరికే చెప్తాండావు," అన్నాను.

"దీంట్లో ఊరికే చెప్తారా మే?" అంది.

అయినా ఆయన ఫోనుకు కొట్టాను. ఆయన భార్య మాబున్ని వదిన ఎత్తింది. ఆమె వెనక ఇంటినిండా మనుషులు ఉన్న చప్పుడు వినిపించింది. అప్పుడు నమ్మాను. నమ్మి అంగడి మెట్టు మీద కూర్చుండిపోయాను. నా చేతిలో ఎవరి పేరుదో సగం పీకిన స్టిక్కరు అట్లాగే ఉండింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. లతీఫన్న బండల మీద పేర్లు చెక్కేవాడు. కొత్త ఇళ్ళ గోడలకు పెట్టే పేర్లు, గుడికి చందాలిచ్చినవాళ్ళ పేర్లు, బోరు వేయించినవాళ్ళ పేర్లు, పోయినవాళ్ళ పేర్లు. వాళ్ళ నాయన ఉలితో చెక్కేవాడు. ఈయన ఉలితో మొదలుపెట్టి మిషను దాకా వచ్చాడు. మనిషి పొట్టి, మాట మెత్తన, నవ్వు మాత్రం స్టేషను దాకా వినిపించేది. తప్పు పడిన బండను ఎవరికీ అమ్మేవాడు కాదు. ఇంటికి తీసుకుపోయి, పేరున్న వైపు కిందికి తిప్పి పరిచేవాడు. ఆయన ఇంటి నేలంతా అట్లాంటి బండలే. నేను మొదటిసారి వాళ్ళింటికి పోయినప్పుడు మాబున్ని వదిన, "జాగ్రత్తగా రా మద్దమ్మా, మేము మీ అన్న తప్పుల మీద నడుస్తాంటాము," అని నవ్వింది. "ఈడ వంటింట్లో శానా ఉండాయి. పెళ్ళయిన కొత్తలోవి."

నా పేరు మద్దిలేటమ్మ. నేను మొదట పాలిష్ ఫ్యాక్టరీలో బండలు మోసేదాన్ని. దుమ్ముకు దగ్గు పట్టుకుంటే మానేసి లతీఫన్న దగ్గర చేరాను. అక్కడ నా పని బండను కడిగి, ఆరబెట్టి, దాని మీద స్టిక్కరు అంటించడం. స్టిక్కరు అంటే మందంగా, రబ్బరులాగా ఉండే కాగితం. కటింగ్ మిషను దాని మీద అక్షరాల అంచు వెంబడి కోసి ఇస్తుంది. అక్షరం ఉన్న చోటును బ్లేడు మొనతో ఎత్తి, వేలితో పట్టి పీకేయాలి. తర్వాత ఇసుకను గాలితో గట్టిగా కొడితే, పీకేసిన చోట మాత్రమే రాయి గుంట పడుతుంది. ఆ గుంటే అక్షరం. అందరూ అక్షరాలను రాసి నేర్చుకుంటారు. నేను పీకి నేర్చుకున్నాను. నా కంటి కంటే ముందు నా వేలికి చదువు వచ్చింది.

నాకు అనుమానం ఎక్కువ. చదువు రాని మనిషికి అది లేకపోతే బతుకు జరగదు. వయసులో ఉన్నప్పుడు డోన్ బస్సు ఏదని ఒకడిని అడిగాను. వాడు బనగానపల్లె బస్సు చూపించి పక్కవాళ్ళతో నవ్వుకున్నాడు. చంకలో బిడ్డతో ఊరు కాని ఊళ్ళో దిగాను. ఆనాటి నుంచి ఏదైనా ఇద్దరిని అడిగేదాన్ని. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎరగనివాళ్ళయి ఉండాలి. ఇద్దరూ ఒకే మాట చెబితేనే అడుగు వేసేదాన్ని.

అంగట్లో కూడా అదే పద్ధతి. లతీఫన్న ఒక ముక్క చూపించి "ఇది క" అంటే, దాన్ని అరచేతిలో పెట్టుకొని రోడ్డు దాటేదాన్ని. "ఇదేం అక్షరం మే?" అని సుశీలమ్మను అడిగేదాన్ని. ఆమె కూడా "క" అంటే తిరిగి వచ్చి పనిలో పడేదాన్ని. లతీఫన్న ఏమీ అనేవాడు కాదు. సుశీలమ్మే విసుక్కునేది. "పాలు పొంగుతాండాయి మే, నీ బడి సాయంత్రం పెట్టుకో."

ఒకరోజు లతీఫన్న ఒక కొత్త ముక్క ఇచ్చి, "ఇది య," అన్నాడు. సుశీలమ్మ కూడా చూసి, "య కాక ఇంకేముంటాది?" అంది. నేను నమ్మాను. ఆ మధ్యాహ్నం ఎవరో మద్దిలేటి స్వామికి మొక్కి చేయించిన బండను కడుగుతున్నాను. ఆ బండ మీద ఏమి ఉందో నాకు ముందే తెలుసు. స్వామి పేరే నా పేరు. చూస్తే పొద్దున పీకిన అక్షరమే మొట్టమొదట ఉంది. నీళ్ళ చెంబు అక్కడే పెట్టి లోపలికి పోయాను.

"అన్నా, నా పేరు యద్దమ్మనా?" అని అడిగాను.

ఆయన తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. దగ్గుతూ, నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. రోడ్డు అవతల నుంచి సుశీలమ్మ చేతులు చరిచి, "పట్టేసింది సాబూ! అప్పుడే పట్టేసింది!" అని అరిచింది.

"మీరిద్దరూ ఒకరినొకరు ఎరిగినోళ్ళు. మిమ్మల్ని అడిగినా చూడు, బుద్ధి నాకు లేదు," అన్నాను నేను.

అప్పుడు లతీఫన్న నవ్వు ఆపి చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఇంక నీకు నేను అక్కర్లేదమ్మా. ఒకరు చెప్పింది చదవడం ఎవరికైనా వస్తాది. ఒకరు తప్పు చెప్తే పట్టినావంటే, అదీ చదువు."

ఆయన పని తీరులో ఒక పట్టుదల ఉండేది. పేరు ఎవరిదైతే వాళ్ళే కూర్చొని కంప్యూటరులో కొట్టాలి. పోయినవాళ్ళ పేరైతే వాళ్ళ ఇంటివాళ్ళు కొట్టాలి. "నాకు రాదు సాబూ, నీవే కొట్టు," అని బతిమాలినా వినడు. "మీ నాయన పేరప్పా. ఒక్కో అక్షరం వెతుక్కో. నాకేం తొందర లేదు," అని కుర్చీ జరిపి ఇచ్చేవాడు. పెద్ద పెద్ద మీసాలవాళ్ళు చూపుడు వేలుతో తండ్రి పేరు వెతుక్కుంటూ కూర్చునేవాళ్ళు. కొట్టడం అయ్యాక కొందరు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నాకు మొదట్లో ఇది కూడా అనుమానంగానే ఉండేది. తప్పు పోతే వాళ్ళ మీదికి నెట్టడానికి ఈయన వేసిన ఎత్తు అనుకున్నాను. అడిగితే, "అది కూడా ఉండాది," అని ఒప్పుకున్నాడు.

తర్వాత ఒక చిక్కు వచ్చింది. అందరి చేతుల్లోకీ కొత్త ఫోన్లు వచ్చాయి. పేర్లు ఫోన్లోనే తెలుగులో కొట్టి పంపడం మొదలుపెట్టారు. మా కటింగ్ మిషను పాతది. దానికి తెలిసిన తెలుగు కూడా పాతదే. ఆ పాత తెలుగులో ప్రతి అక్షరమూ ఏదో ఒక ఇంగ్లీషు అక్షరం కుర్చీలోనో, అంకె కుర్చీలోనో కూర్చొని ఉంటుంది. ఫోన్లో కొట్టిన తెలుగు ఇస్తే మిషనుకు అర్థం కాక వరసగా ఖాళీ డబ్బాలు కోసి పెట్టేది. కొత్త మిషను కొనే స్తోమత లేదు.

లతీఫన్న కల్లూరులో ఉన్న కూతురింటికి పోయి, ప్రోగ్రాములు రాయడం కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం ఉండే పాఠాలు ఆమె ఫోన్లో చూసి వచ్చాడు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. వచ్చీ రాగానే, "మద్దమ్మా, నేనొక మిషను చేస్తాండా," అన్నాడు. "యాడ ఉండాది?" అంటే, "చేతికి తగలదు," అన్నాడు.

ఆ మిషను అంతా కలిపి ఒక చిన్న కిటికీ. ఎడమ పక్క ఒక పెట్టె, కుడి పక్క ఒక పెట్టె, మధ్యలో 'మార్చు' అనే బటన్. ఎడమ పెట్టెలో పేరు కొట్టి బటన్ నొక్కితే, ఒక్కో అక్షరం తీసేసి దాని బదులు పాత మిషనుకు తెలిసిన గుర్తు పెట్టి కుడి పెట్టెలో చూపిస్తుంది. లోపల ఆయన రాసిన వరసలు కూడా చూపించాడు. ప్రతి వరసా ఒకటే మాట చెబుతుంది. ఇది కనిపిస్తే, దీని బదులు అది పెట్టు. కంప్యూటరు పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటే చేసుకుంటూ పోతుంది. "ఇంతేనా?" అన్నాను. "ఇంతే. తెలివైన పని కాదు, ఓపిక పని," అన్నాడు.

మొదట కొట్టి చూసిన పేరు నాది. నాకు కోపం వచ్చింది. "బతికుండంగానే నా పేరు రాతికెక్కిస్తాండావా అన్నా?"

"నా పేరు నేను కొట్టకూడదు కదమ్మా," అన్నాడు. చెక్కేవాడు తన పేరును తన చేత్తో చెక్కకూడదని వాళ్ళ నాయన పెట్టిన కట్టుబాటు. ఉలి పోయి మిషను వచ్చినా, మిషను పోయి కిటికీ వచ్చినా ఆయన దాన్ని దాటలేదు. ఎన్నో పేర్లు కొట్టి చూశాడు గాని లతీఫ్ అని ఒక్కసారి కూడా కొట్టలేదు. సాయిబుల సమాధి రాళ్ళు కూడా మిషనుకు ఇచ్చేవాడు కాదు. కుంచెతో గీసి, ఉలితో చేత్తోనే చెక్కేవాడు.

కుడి పెట్టెలో వచ్చేది చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. అన్నీ ఇంగ్లీషు ముక్కలు, అంకెలు, కొక్కేలు, చుక్కలు. ప్యాపిలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన తండ్రి పేరు కొట్టి, బటన్ నొక్కి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా సాబూ, మా నాయన పేరు తిట్టులెక్క అయిపాయ! మంత్రమా ఇది?"

"మంత్రం నాకొస్తే ఈ ఎండలో బండలెందుకు మోస్తానప్పా? కూచో. మిషను భాష అది."

"మా నాయనకు ఆ భాష రాదు."

"ఆయన చదివేది లేదులే. మిషను చదువుతాది, తెలుగులో కోస్తాది. కూచో."

ఆ పెద్దాయన రాయి తయారయ్యేదాకా అక్కడి నుంచి కదలలేదు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఎందుకంటే నా పరిస్థితి కూడా అదే. ఎంతో కష్టపడి అక్షరాలు నేర్చుకున్నాను. ఎడమ పెట్టెలో ఉన్నది చదవగలను. కుడి పెట్టెలోకి పోయేసరికి మళ్ళీ చదువు రానిదాన్నయిపోయాను. మధ్యలో ఏం జరిగిందో లతీఫన్న చెబితే వినాలి. అడగడానికి రెండో మనిషి లేడు. సుశీలమ్మకు చూపిస్తే, "ఇది నాకు రాదు మే, ఈ తూరి నిజంగా," అంది.

ఆ మాటే లతీఫన్నతో అన్నాను. "నేను కొట్టింది ఇంకోటైపోతాండాది. దాంట్లో నా పేరు ఉండాదని నాకు ఎవరు చెప్పాల?"

ఇంకొకరైతే కసురుకునేవాళ్ళు. ఆయన గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. కొన్నాళ్ళకు కిటికీలో 'మార్చు' కింద ఇంకో బటన్ వచ్చింది. దాని మీద 'వెనక్కి' అని ఉంది. కుడి పక్క ఉన్న గుర్తులను, ఆయన రాసిన వరసల్లో కింది దాని నుంచి పై దానికి తిరగేసి, మళ్ళీ తెలుగు చేసి ఎడమ పెట్టెలో పెడుతుంది.

"ఇది నీ బటన్ మద్దమ్మా. నీ రెండో మనిషి. పోయింది అది, వచ్చింది అది అయితే సరి. లేదంటే నన్ను నిలబెట్టి అడుగు," అన్నాడు.

నా జీవితంలో నా అనుమానాన్ని అందరూ తిట్టారు. మా ఆయన తిట్టాడు, ఫ్యాక్టరీ మేస్త్రీ తిట్టాడు, నా బిడ్డలు ఇప్పటికీ నవ్వుతారు. దానికి ఒక బటన్ చేసి పెట్టింది లతీఫన్న ఒక్కడే.

అప్పటి నుంచి ఆ బటన్ నొక్కకుండా ఒక్క బండ కూడా నేను మిషను దాకా పోనియ్యలేదు. అన్నీ సరిగ్గా తిరిగి వచ్చేవి. ఒకటే తేడా. ఇంటి నంబరులో నాలుగు అంకె ఉంటే, వెనక్కి వచ్చేటప్పుడు దాని బదులు 'ఫ' వచ్చేది. రాయి మీద మాత్రం నాలుగు నాలుగుగానే పడేది.

"అన్నా, ఎవరింటి నంబరు కొట్టినా నీ పేరు చివర అక్షరం వస్తాండాది. మళ్ళా నీవే వచ్చినావు చూడు," అనేదాన్ని.

"రాయి మీద సరిగ్గా ఉండాదా లేదా?"

"ఉండాది. తిరిగి వచ్చేదాంట్లో తప్పుంటే, పోయేదాంట్లో యాడో ఉండకుండా ఎట్లుంటాది?"

"ఉంటాది. వెతుకుతా," అనేవాడు. వెతికాడో లేదో తెలియదు. నాలుగు వచ్చిన ప్రతిసారీ కిటికీలో ఫ వచ్చేది, నేను "వచ్చినావా అన్నా" అనేదాన్ని, ఆయన లోపలి నుంచి "వచ్చినా" అనేవాడు. అది మాకు ఆటైపోయింది. ఫ చాలా తక్కువ వచ్చే అక్షరం. మా బండల మీద అది అడగడానికి ఎవరూ రాలేదు.

ఆయన పోయాక మాబున్ని వదిన నన్ను పిలిపించుకొని ఒకటే కోరింది. "మట్టి దిబ్బ గాలికి, వానకు చదునైపోతాది మద్దమ్మా. పేరొకటి ఉండనీ. ఆడోళ్ళం మేము ఖబరస్తానుకు పోయి చూడలేము. ఆయన పేరు ఆయన మీద ఉండాదని తెలిస్తే నాకు చాలు."

సాయిబుల సమాధి రాళ్ళు ఆయన చేత్తోనే చేసేవాడని నాకు తెలుసు. కాని నా చెయ్యి ఎప్పుడూ రాయలేదు. కీబోర్డు మీద వెతికి కొట్టడం, బ్లేడుతో పీకడం, అంతవరకే నా చదువు. ఆయన చేసిన కిటికీ మీదే ఆధారపడ్డాను. వదినను పక్కన కూర్చోబెట్టుకొని, ఆయన పద్ధతి ప్రకారం ఆమె చేతనే పేరు కొట్టించాను. షేక్ లతీఫ్. 'మార్చు' నొక్కాను. కుడి పెట్టెలో ముక్కలు వచ్చాయి. 'వెనక్కి' నొక్కాను. ఎడమ పెట్టెలో షేక్ లతీఫ్ అని చక్కగా తిరిగి వచ్చింది.

"వచ్చిందా?" అంది వదిన.

"వచ్చింది వదినా," అన్నాను. గుండె మీద బరువు దిగినట్టయింది.

మిషను కోసింది. స్టిక్కరు బండకు అంటించి పీకడం మొదలుపెట్టాను. నా కళ్ళు మసకగా ఉన్నాయి, చూసి చేయడం లేదు. వేలు చేసుకుంటూ పోతోంది. షే వచ్చింది. క్ వచ్చింది. ల, తీ వచ్చాయి. తర్వాతి ముక్క కింద బ్లేడు పెట్టి ఎత్తితే వేలికి సూటి మూల తగిలింది. ఫలో సూటి మూల లేదు, అంతా గుండ్రం. కళ్ళు తుడుచుకొని చూశాను. లతీఫన్న పేరు చివర నాలుగు అంకె కూర్చొని ఉంది, నెత్తిన పొల్లు పెట్టుకొని.

ఆయన నాకు చూపించిన వరసలు తెరిచి పై నుంచి చదువుకుంటూ పోతే, అది ఎట్లా వచ్చిందో అర్థమైంది. పాత తెలుగులో ఫ కూర్చునేది నాలుగు అంకె కుర్చీలో. ఆయన రాసిన వరసల్లో పైన ఉన్నది, ఫ కనిపిస్తే నాలుగు కుర్చీలో పెట్టు అంటుంది. దానికి చాలా కింద ఇంకో వరస ఉంది. నాలుగు కుర్చీలో ఎవరున్నా లేపి, పాత తెలుగులో అంకెలకు వేరుగా ఉన్న బల్ల మీదికి పంపు అంటుంది. అది ఇంటి నంబర్ల కోసం రాసింది. కాని అప్పటికే అక్కడ ఫ కూర్చొని ఉంది. దాన్ని కూడా లేపి పంపేసింది. ముందు నాలుగును లేపి, ఆ తర్వాత ఫను కూర్చోబెట్టి ఉండాల్సింది. వెనక్కి తెచ్చేటప్పుడు వరసలు తిరగబడతాయి కాబట్టి, పోయిన దారినే వచ్చి ఫ మళ్ళీ ఫ అయిపోయింది. తప్పు కనబడకుండా పోయింది.

ఒకరినొకరు ఎరగని ఇద్దరిని అడగాలన్నది నా పద్ధతి. ముందుకు పంపే బటనూ, వెనక్కి తెచ్చే బటనూ ఒకే మనిషి చేసినవి. ఒకదాన్నొకటి ఎరిగినవి. ఆనాడు లతీఫన్నా సుశీలమ్మా కలిసి నా పేరును యద్దమ్మ చేసినట్టు, ఈ రెండూ కలిసి ఒకే మాట చెప్పాయి. నేను రెండోసారి నమ్మాను. ఇసుక గాలి ఇంకా పెట్టలేదు, అంతవరకు అదృష్టం.

వదినకు ఆ నాలుగును చూపించాను.

"అన్న తెలిసే పెట్టినాడంటావా వదినా?" అని అడిగాను. "తన రాయి మిషనుతో చేయకూడదని?"

"మీ అన్నకు అంత తెలివి యాడిది మద్దమ్మా? మా వంటింటి నేల చూసినావు కదా," అంది. అని నవ్వింది. ఆయన పోయిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగేసరికి ఏడుపయింది.

నాకు మాత్రం ఆ అనుమానం పోలేదు. "వెతుకుతా" అన్న మనిషి ఎందుకు వెతకలేదు? వెతికి, దొరికి, ఊరికే ఉన్నాడా? నాలుగు వచ్చిన ప్రతిసారీ లోపలి నుంచి "వచ్చినా" అని అంత సంతోషంగా ఎందుకు పలికేవాడు? ఎవరిని అడగాలి? ఆయన్ను ఎరిగినవాళ్ళందరూ ఒకరినొకరు ఎరిగినవాళ్ళే.

ఒకటి మాత్రం తేల్చుకున్నాను. ఆయన పేరు మిషనుకు ఇవ్వను. ఆయన కుంచె కడిగి, సున్నం కలిపి, బండ మీద నా చేత్తో గీశాను. మొదటి బండ మీద ఉలి పట్టి చెక్కాక చూస్తే, అక్షరాలు కుడి పక్కకు పోనుపోను మెట్టు ఎక్కుతున్నట్టు పైకి పోయాయి. పాడైపోయిందని పక్కన పెట్టి ఇంకో బండ కడిగాను. రెండోది నిలబడింది. ఆయన అక్షరాల్లో ఉండే సొంపు దానికి లేదు. కాని ప్రతి అక్షరమూ తన చోట తాను ఉంది.

పాడైన బండను ఏం చేయమంటావని అడిగితే, వదిన, "మా ఇంట్లో తప్పులన్నీ ఉండాయి, ఇదొక్కటే ఎందుకు బయట?" అని ఆటోలో వేయించుకొని పోయింది. నేలలో వేయలేదు. వంటింట్లో నీళ్ళ కడవ పక్కన, పేరున్న వైపు బయటికి కనబడేట్టు గోడకు ఆనించింది. ఖబరస్తానుకు పోలేని ఆమెకు అదే ఆయన రాయి. నేను పోయినప్పుడల్లా ఆ పైకెక్కే అక్షరాలను చూసి సిగ్గుపడతాను. ఆమె వాటిని తుడిచి తుడిచి నున్నగా చేసింది.

రెండో రాయిని మగవాళ్ళు తీసుకుపోయి నాటారు. నాకు చూసే వీలు లేదు. రాయి తోలిన ఆటో అబ్బాయిని అడిగాను, పేరు ఎట్లుండాదని. "లతీఫ్ అని ఉండాదక్కా," అన్నాడు. ఖబరస్తాను పక్క పొలం రైతును, ఆ అబ్బాయిని ఎరగని మనిషిని, విడిగా అడిగాను. ఆయన కూడా అదే చెప్పాడు.

ఈ ప్రాంతంలో ఎన్ని ఊళ్ళ గోడల మీద, ఎన్ని గుమ్మాల మీద లతీఫన్న పని ఉందో లెక్క లేదు. వాటిలో ఒక్కదాని మీద కూడా ఆయన పేరు లేదు. అందరి పేర్లనూ రాతికి అప్పగించి, తన పేరును మాత్రం ఇంకొకరి చేతికి వదిలి వెళ్ళాడు. ఆ చెయ్యి నాది కావడం నా భాగ్యమనుకుంటాను. నన్ను నమ్మమని అడగకుండా, నా అనుమానానికి చోటిచ్చిన మనిషి మళ్ళీ నాకు దొరకడు. ఆయన చల్లని చోట ఉండాలని ఆయన దేవుణ్ణీ, మా మద్దిలేటి స్వామినీ విడివిడిగా అడుగుతున్నాను.

రాయి నాటిన మర్నాడు పొద్దున అంగడి తీశాను. ఫోన్లో ఎవరో కొత్త ఇంటికి పేరు పంపి ఉన్నారు. ఫాతిమా నిలయం. లతీఫన్న రాసిన వరసలను నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. ముట్టుకోకపోతే ఆ తల్లి పేరు ముందు నాలుగు అంకె కూర్చుంటుంది. నాలుగును లేపే వరసను కింద నుంచి తీసి, ఫ వరసకు పైన పెట్టాను. వెనక్కి తెచ్చే దాంట్లో కూడా దానికి తగ్గట్టు మార్చాను. లతీఫ్ అని కొట్టి, మిషనుతో చిన్న స్టిక్కరు కోయించి, పీకి వేలితో చూసుకున్నాను. సూటి మూల లేదు, అంతా గుండ్రం.

తర్వాత ఎడమ పెట్టె తుడిచేసి, ఒక్క నాలుగు అంకె కొట్టాను. 'మార్చు' నొక్కి, 'వెనక్కి' నొక్కాను. నాలుగు నాలుగుగానే వచ్చింది, ఫ రాలేదు.

"వచ్చినావా అన్నా," అని, ఇంకొకసారి నొక్కి చూశాను.